కారుకి స్పోర్ట్స్ టైర్లు ఎంచుకోవడం ఎలా: గోదారి డెల్టా రోడ్ల లెక్కలో

పోయిన జూన్‌లో భీమవరంలో ఒక టైర్ల షాపుకి వెళ్లి “సమ్మర్ టైర్లు ఏమున్నాయి?” అని అడిగాను. కౌంటర్లో కుర్రాడు బయట దంచి కొడుతున్న వానకేసి ఓసారి చూసి, “ఆయ్, ఎండలైపోయాయి కదండీ” అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఆ పేరే అలాంటిది.

అది చలి దేశాల మాట. అక్కడ మంచు పేరుకుపోయే నెలలకి ఒక రకం టైర్లు, మిగతా నెలలకి ఇంకో రకం. ఆ రెండో రకాన్నే సమ్మర్ టైర్లంటారు. రెంటికీ సరిహద్దు ఇంచుమించు 7 డిగ్రీల దగ్గర. అంతకన్నా చల్లబడితే సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోవడం మానేస్తుంది. సంక్రాంతి తెల్లవారుజామున కోనసీమలో ఎదుటి కొబ్బరిచెట్టు కనపడనంత మంచు పట్టినా, 15 డిగ్రీల కిందకి దిగడం అరుదు. ఆ లెక్కన మనకి పన్నెండు నెలలూ సమ్మరే. మన షాపుల్లో దొరికే కారు టైర్లు దాదాపు అన్నీ ఆ జాతివే. వాటిలో హై పెర్ఫార్మెన్స్ అనీ, వాడుకలో స్పోర్ట్స్ టైర్లనీ చెప్పేవి ఒక మెట్టు పైన ఉంటాయి. రబ్బరు పట్టు ఎక్కువ, పక్కగోడ గట్టి. స్టీరింగ్ ఇలా తిప్పగానే కారు అలా మాట వింటుంది, బ్రేకు తొక్కితే తొందరగా ఆగుతుంది. అయితే ఇవి తొందరగా అరుగుతాయి, చప్పుడు కాస్త ఎక్కువ, ఖరీదూ ఎక్కువే.

వీటి గురించి ఎక్కడ చదివినా రేస్ ట్రాకులు, కొండ మలుపుల గొడవే. మనకి ఘాట్ రోడ్డు కావాలంటే మారేడుమిల్లి దాకా పోవాలి. డెల్టా అంతా బల్లపరుపు నేల. మరి మనకెందుకీ టైర్లు? నా మటుకు జవాబు ఒకటే: తడి రోడ్డు మీద కారు ఆగడానికి. ఎండిన రోడ్డు మీద ఓ మోస్తరు టైరు కూడా బాగానే ఆగుతుంది. వానలో కాలువ గట్టు మీద ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడే మీరు పెట్టిన డబ్బులు కనబడతాయి. కింద చెప్పేదంతా ఆ కంటితో చూసి చెప్పేదే.

1. ముందు మీ రోడ్లు లెక్కేసుకోండి

షాపుకి వెళ్లే ముందు ఒక వారం పాటు మీ కారు ఎక్కడెక్కడ తిరిగిందో కాగితం మీద రాసుకోండి. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే నాలుగు వరుసల రోడ్డు మీద ఎంత? కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలు దాకా పోయే 216 జాతీయ రహదారి మీద ఎంత? కాలువ గట్ల మీద, ఊళ్లలోపలి సిమెంటు రోడ్ల మీద ఎంత? ఈ మూడూ మూడు రకాల పరీక్షలు.

తరువాత ఆ రోడ్ల మీద ఏం పడి ఉంటుందో కూడా గుర్తు తెచ్చుకోండి. ఇది ఏ కంపెనీ బ్రోషర్లోనూ ఉండదు. నాట్ల రోజుల్లో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు రోడ్డెక్కితే దాని చక్రాల నుంచి రేగడి మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. పైన చినుకు పడిందంటే సబ్బు పూసినట్టే. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి దారి పొడుగునా నీళ్లు కారుతూనే ఉంటాయి, అంటే ఏప్రిల్లో కూడా మీకు తడి రోడ్డు ఉంటుంది. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. జూన్‌లో తొలి వాన పడినప్పుడు ఎండాకాలమంతా పేరుకున్న దుమ్మూ, నూనె చుక్కలూ కలిసి జిడ్డు తేలుతుంది. ఆ మొదటి అరగంటే అసలు ప్రమాదం. గట్టిగా కురిసి కడిగేశాక రోడ్డు కొంత నయం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆరబోసిన వడ్ల మీద, రేగడి బురద మీద ఏ స్పోర్ట్స్ టైరూ మిమ్మల్ని కాపాడదు. అక్కడ కాలు తీసి నెమ్మదిగా పోవడమే. మీ ఇంటి దారిలోనే వానాకాలమంతా మట్టిరోడ్డు ఉంటే ఈ టైర్ల మాట ఇక్కడితో వదిలేసి, గీతలు లోతుగా ఉండే మామూలు టూరింగ్ టైర్లు తీసుకోండి. మీకు అవే మంచివి.

2. ఇప్పుడున్న టైరు మీద రాసింది చదవండి

డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి అంచు మీద ఒక స్టిక్కరు ఉంటుంది. అందులో కంపెనీ చెప్పిన టైరు సైజు, కొట్టించాల్సిన గాలి ఉంటాయి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, షాపులో పనికొస్తుంది.

ఉదాహరణకి 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ము అంగుళాలు. 88 బరువు సంఖ్య: ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. చివరి అక్షరం వేగం: టి అయితే 190 కిలోమీటర్లు, హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270.

“మనం 210 మీద ఎప్పుడు పోతాం?” అని మీరనొచ్చు. పోము, పోకూడదు కూడా. కానీ వేగం అక్షరం పెరిగే కొద్దీ ఆ టైరు వేడిని ఎక్కువ తట్టుకునేలా కట్టి ఉంటుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు వేడి 60 డిగ్రీలు దాటే చోట, నిండా మనుషులతో గంటన్నర ఆగకుండా నడిపే కారుకి ఆ వేడి తట్టుకునే గుణమే కావాలి. స్టిక్కరు మీద ఉన్న అక్షరం కన్నా, బరువు సంఖ్య కన్నా తక్కువది మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.

3. సైజు పెంచాలా? పెంచితే ఎంత?

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నేనూ పోగొట్టుకున్నాను.

సైజు పెంచడంలో సూత్రం ఏంటంటే, రిమ్ము పెద్దదైతే పక్కగోడ ఆ మేరకు తగ్గాలి, మొత్తం చక్రం ఎత్తు మాత్రం మారకూడదు. మారితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, చక్రం లోపలి మడ్‌గార్డుకి రాసుకుంటుంది. తేడా 3 శాతం లోపు ఉండాలన్నది అందరూ పాటించే హద్దు. లెక్క తేలికే. రిమ్ము అంగుళాలని 25.4తో గుణించి, దానికి పక్కగోడ ఎత్తుని రెండుసార్లు కలపండి. 185/65 ఆర్15 అయితే 381కి 240.5 కలిపి 621.5 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 అయితే 406.4కి 214.5 కలిపి 620.9. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. అందుకే ఈ రెండూ ఇంత చక్కగా జత కుదురుతాయి. 205/45 ఆర్17 అయితే 616.3, అది కూడా హద్దులోనే ఉంటుంది.

లెక్కలో కుదిరింది కదా అని నేను ఆ 17 అంగుళాలే వేయించాను. చూడ్డానికి అదిరిపోయింది. కానీ ఆ టైరుకి పక్కగోడ 92 మిల్లీమీటర్లే. మూడో నెలలో కాలువ గట్టు మీద ఎదురుగా ధాన్యం లారీ వస్తే పక్కకి దిగాను. మన గట్టు రోడ్ల సంగతి తెలుసు కదా, తారు అంచు నుంచి మట్టికి జానెడు గొయ్యి. రిమ్ము సొట్ట పోయింది, టైరు పక్కన కోడిగుడ్డంత వాపు వచ్చింది. పక్కగోడ వాచిందంటే లోపలి దారాలు తెగిపోయినట్టు. దానికి పంచరు వేసేది లేదు, అతికించేది లేదు, పారేయడమే. రిమ్ము సాపు చేయించిన ఖర్చు, కొత్త టైరు ఖర్చు, ఇంట్లో పడిన అక్షింతలు అన్నీ కలిపితే చాలా ఖరీదైన అందం అది.

అందుకని నా సలహా, డెల్టాలో పక్కగోడ శాతం 55 కన్నా తక్కువున్న టైరు జోలికి పోవద్దు. పెంచాలనుకుంటే ఒక్క అంగుళం. ఇంకా మంచిది, మీ కారు మోడల్లోనే పై వేరియంట్‌కి కంపెనీ ఏ సైజు ఇచ్చిందో అదే వేయించండి. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర తరవాత మాట పడదు.

వెడల్పు గురించి కూడా ఒక భ్రమ ఉంది. టైరు వెడల్పైతే పట్టు పెరుగుతుంది అంటారు. పొడి రోడ్డు మీద నిజమే. నీళ్ల మీద తిరగబడుతుంది. చిన్న లెక్క చూడండి. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచాయి, మీరు 80 మీద పోతున్నారు, అంటే సెకనుకి 22 మీటర్లు. 185 వెడల్పున్న టైరు తన దారిలోంచి సెకనుకి 12 లీటర్లకు పైగా నీళ్లు తోసెయ్యాలి. సెకనుకో బిందెడు! 205 అయితే ఇంకో లీటరుకు పైగా అదనం. ఆ నీళ్లని గీతల్లోంచి బయటికి పంపలేకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించిన కారుకి స్టీరింగ్ ఎంత పని చేస్తుందో అప్పుడూ అంతే పని చేస్తుంది. కాబట్టి వెడల్పు పెంచితే గీతలు బాగున్న టైరే వేయాలి, అరిగాక ఇంకా ముందే మార్చాలి.

బరువు సంఖ్య కూడా మళ్లీ చూసుకోండి. 195/55 ఆర్16లో సాధారణంగా దొరికేది 87, అంటే 545 కిలోలు. పాత 88 కన్నా కాస్త తక్కువ. మీ స్టిక్కరు 88 అడుగుతుంటే అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న 91 రకం అడగండి, అది 615 కిలోలు మోస్తుంది. సంక్రాంతికి ఐదుగురూ ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తాలూ కొబ్బరికాయలూ వేసుకుని హైదరాబాదు తిరిగి వెళ్లే కారుకి ఈ తేడా చిన్నదేమీ కాదు.

4. రబ్బరు, గీతలు

టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె, ట్రాక్షన్ అని ఒక అక్షరం, టెంపరేచర్ అని ఇంకో అక్షరం చాలా టైర్లకి ఉంటాయి. ఇది అమెరికా వాళ్ల పద్ధతి. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదైతే టైరు నిదానంగా అరుగుతుంది, చిన్నదైతే తొందరగా. సాధారణంగా చిన్న అంకె ఉన్నదానికే పట్టు ఎక్కువ. 200 ఉన్నవి దాదాపు ట్రాకు టైర్లు, మనకి దండగ. 300 నుంచి 400 లోపు ఉన్నవి రోజూ నడిపే కారుకి సరిపోయే స్పోర్ట్స్ టైర్లు. అయితే ఈ పరీక్ష ఏ కంపెనీకి ఆ కంపెనీయే చేసుకుంటుంది, కాబట్టి ఒక కంపెనీ 320నీ ఇంకో కంపెనీ 340నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మనకి అసలు ముఖ్యం ట్రాక్షన్ అక్షరం. అది తడి రోడ్డు మీద ఆగే గుణాన్నే చెబుతుంది: ఏఏ అన్నిటికన్నా మేలు, తరవాత ఏ, బి, సి. డెల్టాకి ఏ కన్నా తక్కువ వద్దు. టెంపరేచర్ కూడా ఏ ఉండేలా చూసుకోండి, ఎందుకో రోహిణి కార్తె దగ్గర చెప్పాను. మన ప్రభుత్వం కూడా 2022లో టైర్ల తడి పట్టుకి, దొర్లే నిరోధానికి (అంటే టైరు దొర్లడానికి పట్టే బలానికి), చప్పుడుకి కనీస ప్రమాణాలు తెచ్చింది. అది గడప మాత్రమే. గడప దాటిన టైర్లన్నీ ఒకటి కాదు.

గీతలు మూడు రకాలు. బాణం గుర్తుతో ఒకే వైపు తిరిగేవి నీళ్లని బాగా చీలుస్తాయి, కానీ ఎడమ టైరుని కుడి వైపు వెయ్యడానికి కుదరదు. రెండు వైపులా ఒకేలా ఉండేవి మామూలు టైర్లు. మూడోది లోపలి సగం ఒకలా, బయటి సగం ఇంకోలా ఉండేది. లోపలి గీతలు నీళ్ల కోసం, బయటి దిమ్మెలు మలుపుల కోసం. నా ఓటు ఈ మూడోదానికే. ఏ చోట చూసినా చుట్టూ తిరిగే వెడల్పాటి గాడులు నాలుగు ఉంటే మంచిది, మూడు తప్పనిసరి.

పేర్లు కావాలంటే, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్ ఎంసీ6, యోకొహామా అడ్వాన్ ఫ్లీవా స్పోర్ట్స్ వైపు మొగ్గేవి. మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్ యూసీ6 మెత్తగా, చప్పుడు లేకుండా పోతూ తడిలోనూ నమ్మకంగా ఉండేవి. అపోలో యాస్పైర్ 4జీ మన దేశపు కంపెనీది, ఆ కంపెనీకి మన రాష్ట్రంలోనే పాత చిత్తూరు జిల్లా చినపాండూరులో ఫ్యాక్టరీ ఉంది. రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగి, నెలకోసారి విజయవాడ వెళ్లేవాళ్లకి నేను రెండో గుంపులోదే చెబుతాను. నడపడం అంటే ఇష్టం ఉండి, పాతిక ముప్పై వేల కిలోమీటర్లకే టైర్లు అరిగినా బాధపడనివాళ్లే మొదటి గుంపుకి వెళ్లండి.

ఒక పేరు మీద మనసు పడే ముందు అది మీ సైజులో ఉందో లేదో కనుక్కోండి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు కిందకి తెచ్చాక, బయటి దేశాల నుంచి వచ్చే మోడళ్లు అన్ని సైజుల్లోనూ దొరకడం లేదు.

5. తయారైన తేదీ

ఇది ఒక్కటి చదివి మిగతాదంతా మర్చిపోయినా ఫరవాలేదు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. కొన్ని టైర్లకి ఇవి ఒక పక్కనే ఉంటాయి, కనబడకపోతే రెండో వైపు తిప్పి చూడమనండి.

మన చిన్న ఊళ్లలో మారుతీ సైజులు ఎప్పటికప్పుడు అమ్ముడుపోతాయి, స్పోర్ట్స్ సైజులు పోవు. అవి అలా ఏడాది, రెండేళ్లు ఉండిపోతాయి. పైగా కొందరు ప్రచారానికి వాటినే తెచ్చి షాపు ముందు ఎండలో వేలాడదీస్తారు. రబ్బరుకి ఎండా, ఉప్పుగాలీ శత్రువులు. ఆ వేలాడేది మాత్రం తీసుకోకండి. ఆరు నెలల లోపుది అయితే బాగుంది. ఏడాది దాటితే ధర తగ్గించమని గట్టిగా అడగండి. రెండేళ్లు దాటితే నమస్కారం పెట్టి వచ్చేయండి. కావలసింది దగ్గర్లో లేకపోతే రాజమండ్రి, కాకినాడ, విజయవాడ డీలర్లకి ఫోన్ చేసి, నాలుగు టైర్ల తేదీల ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి. పంపనంటే ఇంకో షాపు చూసుకోవడమే.

ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి. కారు టైర్లకి అది తప్పనిసరి, ఐఎస్ 15633 అని దాని నంబరు. రీబటన్ టైర్లు, అంటే అరిగిన టైరు మీద మళ్లీ రబ్బరు అతికించినవి, లారీలకి సరే, కారుకి మాత్రం వాటి ఊసెత్తవద్దు.

6. బేరం, బిల్లు

కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. “బిల్లు లేకుండా అయితే ఇంత” అనే మాటకి ఇప్పుడు ఆశపడాల్సినంత లాభం లేదు. బిల్లు లేకపోతే వారంటీ లేదు. బిల్లు మీద ఒక్కో టైరు సీరియల్ నంబరు రాయించండి. ధర అడిగేటప్పుడు బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, కొత్త వాల్వులు కలిపి మొత్తం ఎంతో అడగండి, లేకపోతే చివర్లో ఒక్కొక్కటే బయటికొస్తాయి.

7. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

టీ తాగడానికి పోకండి. లోపల బయట తేడా ఉన్న టైరు మీద అవుట్‌సైడ్ అని రాసి ఉంటుంది, అది బయటికి కనబడాలి. ఒకసారి నేను ఓ షాపులో బిగించమని చెప్పి బ్యాంకు పని చూసుకుని వచ్చాను. రెండు టైర్లు తిరగేసి ఉన్నాయి. “ఏం ఫరవాలేదండి, అన్నీ గుండ్రంగానే ఉంటాయి కదా” అన్నాడు మేస్త్రి. నవ్వొచ్చింది కానీ మళ్లీ ఊడదీయించాను. తిరగేస్తే నీళ్లు చీల్చాల్సిన సగం బయటికి, మలుపు మోయాల్సిన సగం లోపలికి పోతాయి. మీరు ఇచ్చిన అదనపు డబ్బు అక్కడే గాల్లో కలిసిపోతుంది.

పాత టైరు ఊడదీసినప్పుడు రిమ్ము అంచు చూడండి. చెరువుల వైపు తిరిగే కార్లకి ఉప్పునీటి వల్ల అలాయ్ అంచు పొక్కులు లేచి తెల్లటి బూజులా పడుతుంది. ఆ గరుకు మీద కొత్త టైరు కూర్చుంటే పంచరు లేకుండానే వారానికి రెండు మూడు పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి దిగిపోతుంది. బ్రష్షుతో గీకి శుభ్రం చేయించాకే ఎక్కించమనండి.

నాలుగూ ఒకేసారి మార్చడం మంచిది. డబ్బులు చాలక రెండే కొంటే, అవి వెనక వెయ్యాలి. అవును, ముందు చక్రాలతో నడిచే కారుకైనా సరే. ఈ మాట చెబితే మన షాపుల్లో సగం మంది ఒప్పుకోరు. “బ్రేకు ముందు కదండీ పడేది, స్టీరింగూ అక్కడే” అంటారు. కానీ తడిలో ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదె ఉన్న రోడ్డు మీద గిర్రున తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గట్టిగా చెప్పి వెనకే వేయించుకోండి. కంపెనీ, మోడల్ కూడా ఒకే ఇరుసు మీద వేరువేరువి వద్దు.

8. గాలి

ఎండాకాలం వస్తే మన పంచరు షాపుల్లో ఒక మాట వినబడుతుంది: “ఎండలు మండిపోతున్నాయండి, రెండు మూడు పాయింట్లు తగ్గించి కొడతాను, లేకపోతే పేలిపోద్ది.” ఇంత ప్రేమగా చెప్పే ఇంత ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు.

జరిగేది చూడండి. టైరు నడిస్తే వేడెక్కుతుంది, వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది. ప్రతి 5, 6 డిగ్రీలకి సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. పొద్దున్నే 33 ఉన్నది మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపించడం మామూలే. కంపెనీ చెప్పిన అంకెలో ఆ పెరుగుదల ముందే లెక్కేసి ఉంటుంది. మీరు వేడి మీద ఉన్న టైరులోంచి గాలి తీయించేస్తే, మర్నాడు పొద్దున్నకి అది 29కి దిగిపోతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి తిప్పుకీ పక్కగోడ దగ్గర మడత పడుతుంది. మడత పడే కొద్దీ లోపల వేడి, వేడికి దారాలు విడిపోవడం, ఆపైన పేలడం. ఎండాకాలం పేలే టైర్లలో చాలా వాటికి జబ్బు గాలి ఎక్కువై కాదు, తక్కువై.

వానలోనూ గాలి తక్కువైతే నష్టమే. నాసా వాళ్లు విమానం టైర్ల మీద చేసిన పరీక్షల నుంచి ఒక సూత్రం వచ్చింది: టైరు నీటి మీద తేలడం మొదలయ్యే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. నిలిచిన నీళ్లలో గీతలు అరిగిన టైరుకి ఆ లెక్క కడితే, 32 పాయింట్ల దగ్గర సుమారు 94 కిలోమీటర్ల వేగం వస్తుంది. 24 పాయింట్లకి దిగితే 82 దగ్గరే తేలుతుంది. కారు టైరుకి అచ్చంగా ఇదే అంకె అని కాదు, గాలి తగ్గితే ప్రమాదం ఎంత ముందుకు జరుగుతుందో తెలియడానికి.

కాబట్టి పొద్దున్నే, కారు రెండు మూడు కిలోమీటర్లు మించి నడవకముందు, స్టిక్కరు మీద ఉన్న అంకె ప్రకారం కొట్టించండి. నిండుగా మనుషులు, సామాను ఉంటే అదే స్టిక్కరు మీద ఉన్న రెండో అంకె. పదిహేను రోజులకోసారి చూడండి. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి, బంకుల్లో మీటర్లు ఒకదానికొకటి పొసగవు. నైట్రోజన్ కావాలా అంటే, ఊరికే కొడితే కొట్టించుకోండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

9. మొదటి 300 కిలోమీటర్లు, ఆ తరువాత

కొత్త టైరు మీద అచ్చులోంచి తీసేటప్పటి జిడ్డు పొర ఉంటుంది, నున్నగా మెరుస్తుంది. అది అరిగేదాకా, అంటే 300 కిలోమీటర్ల దాకా, గట్టి బ్రేకులు, గట్టి మలుపులు వద్దు. కొత్త టైర్లు కదా అని షాపు నుంచి బయటికి రాగానే వానలో పరీక్ష పెట్టేవాళ్లని చూశాను. ఆ రోజు మీ కారు పట్టు పాత టైర్ల కన్నా తక్కువే ఉండొచ్చు.

ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. బాణం గుర్తు టైర్లయితే అదే వైపున ముందూ వెనకా మాత్రమే. గొయ్యిలో గట్టిగా దిగినా, స్టీరింగ్ ఒక పక్కకి లాగినా వెంటనే అలైన్‌మెంట్ చూపించండి. ఈ టైర్లు తొందరగా అరుగుతాయి, అలైన్‌మెంట్ తప్పితే లోపలి అంచు మీకు తెలియకుండానే గుండైపోతుంది. చక్రం పూర్తిగా తిప్పి, వంగి, లోపలి వైపు కూడా చూడటం అలవాటు చేసుకోండి.

గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల గుర్తు. టైరు వాటి దాకా అరిగితే చట్టం ప్రకారం కూడా పనికిరాదు. కానీ మన వానలకి అంతదాకా ఆగొద్దు. నేను మే నెలాఖరులో కొలుస్తాను. 3 మిల్లీమీటర్లు లేకపోతే నైరుతి రాకముందే మార్చేస్తాను. అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా లాగిద్దాం అనుకుంటే సరిగ్గా ఆ తుపాను రోజే ఏదో పెళ్లికి బయల్దేరాల్సి వస్తుంది.

స్టెప్నీ సంగతి మర్చిపోకండి. సైజు పెంచితే డిక్కీలో ఉన్నది పాత సైజే కదా. పంచరైతే దాన్ని వేసుకుని 80 దాటకుండా దగ్గర్లో ఉన్న షాపు దాకా పోండి, అంతే. దానిలో గాలి ఉందో లేదో కూడా పదిహేను రోజుల లెక్కలో కలపండి. చివరిగా, టైర్లు బిగించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి, చక్రాల నట్లు పానాతో మరోసారి బిగించుకోండి.